రాలిన రాయి – జాన్ బాప్తిస్త్ బయో జీవితము

కృష్ణా డెల్టాలో తెనాలి పట్టణమునకు చేరువనున్న అంగలకుదురు వంటి గ్రామములలో, కుప్పనూర్పుల కాలమున కళ్లములో కావలి పరుండిన రైతునకు చుక్క రాలుట వింత కాదు. ఒక తెల్లని గీత ఆకాశమున మెఱసి మాయమగును. అతడు ప్రక్కకు ఒత్తిగిల్లి మరల కన్ను మూయును. కాని పట్టపగలు, మబ్బులేని ఆకాశమున, ఫిరంగులు ప్రేలినట్లు మ్రోత పుట్టి, నల్లని రాయి యొకటి వచ్చి మడిలో దిగబడినదనుకొందము. అది కృష్ణానది యుగయుగములుగా తెచ్చి పఱచిన ఒండ్రునేల. నాగలి దినమంతయు నడచినను పిడికెడు రాయి తగులుట అరుదు. ఆ రాయి తన పొలములోనిది కాదని రైతు వెంటనే గుర్తించును. అయినను అది ఆకాశమునుండి పడినదని అతడు చెప్పినచో పట్టణములోని చదువరులు నమ్ముదురా?

రెండువందల ఏండ్లకు పూర్వము ఫ్రాన్సు దేశమున ఈ ప్రశ్నయే పుట్టెను. చూచితిమని పల్లెవాసులు చెప్పిరి, పండితులు నమ్మరైరి. అప్పుడు స్వయముగా ఆ పల్లెలకు పోయి, రాళ్లను చూచి, మనుష్యుల మాటలు విని, ఆ రెండింటిని తూచి చూచి తగవు తీర్చినవాడు జాన్ బాప్తిస్త్ బయో. విద్యుత్తు ప్రవహించు తీగ చుట్టును ఏర్పడు అయస్కాంత క్షేత్రమును గూర్చిన బయో–సవర్ట్ నియమమును మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదువుచున్నారు. ఆ నియమములోని బయో ఈయనయే.

బయో 1774వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఆయన పూర్వులు లొరేన్ ప్రాంతపు కర్షకులు. తండ్రి ప్రభుత్వ కోశాగారమున ఉద్యోగి. కుమారుడు వర్తకములో స్థిరపడవలెనని తండ్రి తలచి, రేవుపట్టణమున ఒక వర్తకుని కడ ఉత్తరములకు నకళ్లు వ్రాయు పనిలో ఉంచెను. ఆ పని రుచింపక ఆ యువకుడు 1792లో సైన్యమున చేరెను. ఫిరంగి దళమున పనిచేసి, 1793 సెప్టెంబరులో జరిగిన హోండ్‌షూట్ యుద్ధమున పాల్గొని, వ్యాధిగ్రస్తుడై ఇంటికి మరలెను. మరుసటి సంవత్సరము క్రొత్తగా స్థాపింపబడిన పాలిటెక్నిక్ విద్యాలయమున మొదటి జట్టు విద్యార్థులలో ఒకడయ్యెను. అవి విప్లవపు రోజులు. 1795 అక్టోబరులో పారిస్ వీథులలో చెలరేగిన రాజపక్షపు తిరుగుబాటులో చేరి బయో చెఱసాల పాలయ్యెను. ప్రసిద్ధ గణితాచార్యుడైన మోంజ్ పూనుకొని తన శిష్యుని విడిపించెను.

1797లో బయో బోవే పట్టణమున గణితోపాధ్యాయుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది మూడేండ్లు. లాప్లాస్ మహాశయుడు ఖగోళ యంత్రశాస్త్రమును గూర్చి ఒక మహాగ్రంథమును అచ్చువేయించుచున్నాడని విని, దాని అచ్చుప్రతులను దిద్దు పని తన కిప్పింపుమని ఈ చిన్న ఉపాధ్యాయుడు ఆయనకు లేఖ వ్రాసెను. లాప్లాస్ సమ్మతించెను. ఇట్లు ఆ గ్రంథములోని ప్రతి గణనమును బయో తన చేతితో మరల చేసి చూచు భాగ్యము పొందెను.

కొంతకాలమునకు బయో ఒక కఠినమైన గణిత సమస్యను సాధించి పారిస్ విద్వత్పరిషత్తు ఎదుట చదివెను. సభ ముగిసిన పిమ్మట లాప్లాస్ ఆయనను తన ఇంటికి తోడ్కొనిపోయి, అలమారు తెఱచి, పసుపువన్నె కెక్కిన పాత కాగితములను చూపెను. వానిలో అదే సమస్యకు అదే పరిష్కారము లాప్లాస్ చేతివ్రాతలో ఏనాడో వ్రాయబడి యుండెను. ఈ సంగతి ఎవ్వరితోను చెప్పవలదని గురువు శిష్యుని కోరెను. కీర్తి యావత్తు పిన్నవానికే దక్కవలెనని ఆయన కోరిక. లాప్లాస్ గతించిన చాలకాలమునకు, తాను వృద్ధుడైన పిమ్మట, బయో ఈ వృత్తాంతమును లోకమునకు వెల్లడించెను. 1800లో ఆయన పారిస్‌లోని కాలేజ్ ద ఫ్రాన్సు విద్యాపీఠమున ఆచార్యుడయ్యెను. 1803లో విద్వత్పరిషత్తున సభ్యత్వము లభించెను. ఆకాశ శిలల తగవు ఆ సంవత్సరమే ఆయన ముందునకు వచ్చెను.

ఆకాశమునుండి వస్తువులు రాలుట పూర్వులెఱుగని విషయము కాదు. మన వరాహమిహిరుని బృహత్సంహితలో ఉల్కాలక్షణములకు ఒక అధ్యాయమే కలదు. కాని పూర్వులు వానిని శకునములుగా చూచిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా పండితులు శకునములతోపాటు రాళ్లను కూడ త్రోసివేసిరి. ఆకాశమున రాళ్లు లేవు, కాబట్టి రాళ్లు పడవు అని వారి వాదము. 1768 సెప్టెంబరులో ఫ్రాన్సులోని ల్యూసే గ్రామమున పొలములో పనిచేయువారి కనులయెదుట ఒక రాయి పడెను. దానిని పరీక్షించిన ముగ్గురు పండితులలో నవీన రసాయనశాస్త్ర పితయని పేరొందిన లవోయిసియే ఒకడు. నూటికి ఎనిమిదిన్నర పాళ్లు గంధకము, ముప్పదియాఱు పాళ్లు ఇనుము, మిగిలినది మన్ను అని వారు తేల్చిరి. పరీక్ష శ్రద్ధతో చేసినదే. నిర్ణయము మాత్రము తప్పు. నేలలోనున్న గంధకపు ఇనుపరాతిపై పిడుగు పడియుండునని వారు వ్రాసిరి. 1790లో బార్బోతాన్ ప్రాంతమున రాళ్ల వాన కురిసినప్పుడు పురాధ్యక్షుడును, మూడువందల మంది ప్రజలును సంతకములు చేసి వాఙ్మూలము పంపిరి. ఒక గ్రామము గ్రామమంతయు అసంభవమైనదానికి సాక్ష్యము పలుకుట శోచనీయమని శాస్త్రపత్రికలో ఒక పండితుడు పరిహసించెను.

1794లో జర్మను శాస్త్రజ్ఞుడు క్లాడ్నీ ఒక చిన్న గ్రంథమును ప్రకటించి, ఈ రాళ్లును ఇనుప ముద్దలును భూమికి వెలుపలి అంతరిక్షమునుండి వచ్చుచున్నవని వాదించెను. పలువురు నవ్విరి. తరువాతి సాక్ష్యము మన దేశమునుండి పోయెను. 1798 డిసెంబరు 19వ తేదీ రాత్రి కాశీ ప్రాంతమున పెద్ద అగ్నిగోళము కనబడి, క్రాఖూత్ గ్రామ పరిసరములందు రాళ్లు పడెను. ఆ రాళ్లు ఇంగ్లండు చేరగా హోవర్డు అను రసాయన శాస్త్రజ్ఞుడు వానిని, ఇటలీలోను ఇంగ్లండులోను పడిన రాళ్లతో కలిపి పరీక్షించి 1802లో ఫలితములు ప్రకటించెను. వేల క్రోసుల దూరమున వేఱువేఱు దేశములలో పడిన రాళ్లన్నియు ఒక్క పోలికగా నుండెను. వానిలోని లోహపు రేణువులందు ఇనుముతోపాటు నికెలు కూడ ఉండెను. వాని నడుమ చిన్న చిన్న గుండ్రని గింజలు కనబడెను. అట్టి రాయి భూమిపై ఏ గనిలోను దొరకదు. రసాయనశాస్త్రము తన మాట చెప్పెను. కాని రాళ్లు ఒకే పోలికగా నున్నంత మాత్రమున అవి ఆకాశమునుండి పడినవని స్థిరపడదు. పడుట చూచినవారి మాటకు విలువ కట్టవలసి యుండెను.

1803 ఏప్రిల్ 26వ తేదీన మధ్యాహ్నము ఒంటిగంట సమయమున నార్మండీ సీమలో, లేగల్ అను చిన్న పట్టణపు పరిసరములలో, ఆకాశము నిర్మలముగా నుండగా భయంకరమైన ధ్వనులు వినబడెను. మొదట మూడు నాలుగు ఫిరంగి మ్రోతలు, పిమ్మట తుపాకుల చప్పుడు, ఆపై తప్పెటలు మ్రోగించినట్లు గడగడ ధ్వని. ఇట్లు అయిదాఱు నిమిషములు సాగెను. పైన చిన్న మేఘము మాత్రము కదలక నిలిచి కనబడెను. ఆ వెంటనే పొలములలో, బయళ్లలో, ఇండ్ల ముంగిళ్లలో రాళ్లు రాలెను. వాని సంఖ్య రెండు మూడు వేలు. వార్త పారిస్ చేరెను. దేశీయ వ్యవహారముల మంత్రియైన షాప్తాల్ స్వయముగా రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన ఆదేశముపై విచారణకై జూన్ నెలాఖరున బయో బయలుదేరెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది తొమ్మిదేండ్లు.

ఆయన నేరుగా లేగల్ పట్టణమునకు పోలేదు; మొదట దానికి పడమరగా చాల దూరముననున్న అలాన్సన్ పట్టణమునకు పోయెను. రాళ్లు పడినచోట జనులు రెండు నెలలుగా అదే మాట చెప్పుకొనుచుందురు. ఒకరి మాట మరియొకరి మాటలో కలిసిపోయి యుండును. దూరముననున్నవారు ఏమి చూచిరో ముందు తెలిసికొన్నచో దానితో దగ్గఱివారి మాటను సరిచూడవచ్చును. దూరపు పట్టణముల వారు ఆ వేళకే అగ్నిగోళము పరుగెత్తుట చూచిరి. లేగల్ వారు గోళమును చూడక మేఘమును చూచిరి, మ్రోత వినిరి, రాళ్ల నేరుకొనిరి. ఒకరినొకరు ఎఱుగని ఈ రెండు వర్గముల సాక్ష్యము ఒకే దినమునకు, ఒకే వేళకు, ఒకే దిక్కునకు సరిపోయెను.

పిమ్మట బయో దిక్సూచియు, దేశపటమును చేతబట్టి పల్లెపల్లెకు తిరిగెను. బార్బోతాన్ రాతిముక్క నొకదానిని పోల్చిచూచుటకై వెంట తీసికొనిపోయెను. తన సాక్ష్యమును ఆయన రెండు భాగములుగా విభజించెను. మొదటిది వస్తు సాక్ష్యము. ఆ ప్రాంతపు ఖనిజ సంగ్రహములలో అట్టి రాయి లేదు. ఇనుప కొలుముల చిట్టెములో అట్టిది లేదు. గనులలో లేదు. ఏప్రిల్ 26వ తేదీకి ముందు అట్టి రాయిని ఎవ్వరును చూడలేదు. ఆ తరువాత ఎటు చూచినను అవే రాళ్లు. రెండవది మనుష్య సాక్ష్యము. ఇరువది పల్లెలలో మతగురువులు, సైనికులు, కూలివారు, స్త్రీలు, పిల్లలు వేఱువేఱుగా చెప్పిన మాటలు ఒక్కటిగా నుండెను. వారి వృత్తులు వేఱు, అభిప్రాయములు వేఱు. కూడబలుకుకొని అబద్ధమాడుటవలన వారికి కలుగు లాభము లేదు. తమకు తెలియనిది తెలియదని చెప్పినవారి మాటను బయో మరింత గౌరవించెను.

ఆ పైన ఆయన రాళ్లు పడిన చోట్లను పటముపై గుర్తించెను. ఆ గుర్తులన్నియు కలిసి సుమారు పది కిలోమీటర్ల పొడవును, నాలుగు కిలోమీటర్ల వెడల్పును గల అండాకారమును ఏర్పఱచెను. పెద్దరాళ్లు ఒక కొనను, చిన్నరాళ్లు రెండవ కొనను పడియుండెను. వానిలో పెద్దది ఎనిమిదిన్నర కిలోగ్రాముల బరువు. చిన్నవి కొన్ని గ్రాములు మాత్రమే. ఏటవాలుగా వచ్చు శిల గాలిలో పగిలినప్పుడు తేలిక ముక్కల వేగమును గాలి త్వరగా అణచును. బరువైనవి ముందునకు సాగిపోవును. ఏ కల్పకుడును, ఏ వదంతియు ఇట్టి క్రమమును పొలములపై చిత్రింపజాలదు. ఆ జూలై నెలలోనే బయో తన నివేదికను విద్వత్పరిషత్తు ఎదుట చదివెను. ఆ నివేదిక తరువాత ఫ్రాన్సులో రాళ్లు పడుటను గూర్చిన సందేహము నిలువలేదు. పరిహాసమునకు గురియైన పల్లెవాసుల మాట సత్యమని శాస్త్రము ఒప్పుకొనెను.

అవి ఎక్కడనుండి వచ్చినవన్న ప్రశ్న మిగిలెను. చంద్రునిపైనున్న అగ్నిపర్వతములు వానిని విసరుచుండవచ్చునని లాప్లాస్ ఊహించెను. బయో కూడ ఆ వైపే మొగ్గెను. ఆ ఊహ నిలువలేదు. ఇట్టి రాళ్లలో అత్యధికము అంగారక, బృహస్పతి గ్రహముల నడుమ తిరుగు చిన్న గ్రహముల శకలములని నేడు తెలియును. లేగల్ శిల ఇనుము తక్కువగా గల సాధారణ కాండ్రైటు వర్గమునకు చెందినది. కాండ్రైటులలోని గుండ్రని గింజలు సూర్యకుటుంబము పుట్టిన కాలమున, సుమారు 456 కోట్ల సంవత్సరముల క్రిందట, ద్రవబిందువులుగా ఏర్పడి గట్టిపడినవి.

అదే 1803 జూలైలో బయో దంపతులకు ఎద్వార్ అను కుమారుడు కలిగెను. మరుసటి సంవత్సరము ఆగస్టు 24వ తేదీన బయో గేలుసాక్ అను మిత్రునితో కలిసి బెలూనులో నాలుగువేల మీటర్ల ఎత్తునకు ఎగసి, అక్కడ అయస్కాంతపు సూది ఎట్లు ప్రవర్తించునో పరీక్షించెను. 1806లో ఆరగోతో కలిసి స్పెయిన్ దేశమునకు పోయి భూగోళపు కొలతలో పాలుగొనెను. 1815లో కర్పూరతైలము వంటి ద్రవములు ధ్రువీకృత కాంతి తలమును త్రిప్పునని కనుగొనెను. చక్కెర ద్రావణములో చక్కెర పాలెంతయో కాంతి సాయమున కొలుచు పద్ధతికి మూలమిదియే. 1820లో అయిర్‌స్టెడ్, విద్యుత్ప్రవాహము దిక్సూచిని కదల్చునని ప్రకటింపగా, బయో సవర్టుతో కూడి ఆ బలమును కొలిచి, పొడవైన తిన్నని తీగనుండి దూరము పెరిగినకొలది అది అదే నిష్పత్తిలో తగ్గునని అక్టోబరు నెలలో వెల్లడించెను.

ఇట్టి మహనీయుని జీవితమున లోపములు లేకపోలేదు. ఆయన భార్య గాబ్రియేల్, భర్త వద్దనే శాస్త్రము నేర్చి, ఒక జర్మను భౌతికశాస్త్ర గ్రంథమును ఫ్రెంచిలోనికి అనువదించెను. అది భర్త పేరనే అచ్చయ్యెను. కాంతి తరంగరూపమని ఫ్రెనెల్ అను యువ ఇంజనీరు ప్రయోగములతో నిరూపించుచుండగా, కాంతి కణమయమన్న పాత సిద్ధాంతమునే బయో పట్టుకొని యుండెను. ఈ విషయమున పాత మిత్రుడైన ఆరగోతో వైరము కూడ పెరిగెను. లేగల్ కర్షకుల మాటకు చెవియొగ్గిన విద్వాంసుడు తన శాస్త్రములోని క్రొత్త మాటకు చెవి మూసికొనెను. ఒకనాడు పండితుల మూఢత్వమును పోగొట్టినవాడు మరియొకనాడు దానికే లోనగుట విజ్ఞాన చరిత్రలో అరుదు కాదు.

అయినను ఆయన వార్ధక్యమున ఒక ఘట్టము ఆ దోషమును చాలవఱకు కడిగివేసినది. 1848లో పాస్టర్ అను ఇరువదియైదేండ్ల యువకుడు, ఒకే లవణపు స్ఫటికములలో కుడిచేతి వాటమువి, ఎడమచేతి వాటమువి అని రెండు జాతులున్నవని, అవి కాంతిని ఎదురెదురు దిక్కులకు త్రిప్పునని చెప్పెను. డెబ్బదినాలుగేండ్ల బయో నమ్మలేదు, అట్లని కొట్టివేయనులేదు. ఆ యువకుని తన ప్రయోగశాలకు పిలిపించి, తాను పరీక్షించియుంచిన ఆమ్లమునే ఇచ్చి, తన కనులయెదుట లవణము చేయించెను. స్ఫటికములు కట్టిన పిమ్మట పాస్టర్ వానిని రెండు రాసులుగా ఏరెను. ద్రావణములను బయోయే కలిపెను. మొదట ఎడమవాటపు ద్రావణమును యంత్రములో నుంచి చూడగానే, కొలత తీయకముందే సత్యము బోధపడెను. వృద్ధుడు ఆనందపరవశుడై ఆ యువకుని చేయి పట్టుకొనెను. నాటినుండి పాస్టరునకు ఆయన తండ్రివలె అండగా నిలిచెను. పూర్వము లాప్లాస్ తనకు చేసిన ఉపకారమును బయో ఇట్లు మరియొకనికి చేసెను.

ఆ ఋణము తీర్చుకొన్న వెంటనే పుత్రశోకము తటస్థించెను. కుమారుడు ఎద్వార్ చీనాభాషా పండితుడై, క్రీస్తుపూర్వము ఏడవ శతాబ్దమునుండి చీనా రాజాస్థానముల వారు వ్రాసియుంచిన రాలుచుక్కల, ఉల్కల వృత్తాంతములను ఏర్చికూర్చి పట్టిక ప్రకటించి యుండెను. తండ్రి పల్లెవాసుల సాక్ష్యమును సేకరింపగా, కుమారుడు రెండువేల ఏండ్ల లేఖకుల సాక్ష్యమును సేకరించెను. 1850లో ఎద్వార్ మరణించెను. అతడు సగములో విడిచిన ఒక ప్రాచీన చీనా గ్రంథానువాదమును డెబ్బదియాఱేండ్ల తండ్రి పూనుకొని మరుసటి సంవత్సరము అచ్చువేయించెను. బయో 1862 ఫిబ్రవరి 3వ తేదీన పారిస్‌లో పరమపదించెను. ఆ సంవత్సరముననే భారతీయ, చీనా జ్యోతిశ్శాస్త్రములను గూర్చిన ఆయన గ్రంథము వెలువడెను. నల్ల అభ్రకపు జాతి యొకటి ఆయన పేర బయోటైటుగా నేటికిని పిలువబడుచున్నది.

ఆయన జీవించియుండగనే ఆంధ్రదేశమున కూడ ఆకాశ శిల పడెను. 1852 జనవరి 23వ తేదీన నెల్లూరు సీమలో యాటూరు వద్ద పడిన రాయి శాస్త్రజ్ఞుల చేతికి చేరి, నెల్లూరు ఉల్కాశిలయను పేర ప్రపంచపు పట్టికలలో స్థానము పొందినది. 1865 ఆగస్టులో బీహారులోని షేర్ఘాటీ వద్ద పడిన రాయి అంగారకుని నేలనుండి వచ్చినదని నూఱేండ్లు దాటిన పిమ్మట తేలినది. వానిని ఎవరో ఒకరు పడుట చూచిరి, ఎవరో ఒకరు దాచిరి, ఎవరో ఒకరు ఆ మాట వినిరి. ఆ మువ్వురిలో ఒక్కరు లోపించినను ఆ రాయి ఏ దారి ప్రక్కనో మామూలు రాయియై పోయియుండెడిది.

అంతరిక్షమున నున్నప్పుడు విశ్వకిరణముల తాకిడివలన రాతిలో పుట్టు కొన్ని రేడియోధార్మిక పరమాణువులు భూమి చేరిన కొలది దినములలోనే నశించును. ఒక్క వాన తడిసినను లోహపు రేణువులు త్రుప్పుపట్ట నారంభించును. అందుచేత క్రొత్తగా పడిన రాతిని ఎంత త్వరగా పరీక్షశాలకు చేర్చిన అంత మేలు. మన దేశమున అట్టి శిలలను భద్రపఱచు బాధ్యత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థది. కాని పరీక్షశాల పని మొదలగుటకు ముందు పొలముననున్న మనుష్యుడు చెప్పవలెను, చదువుకొన్నవాడు వినవలెను. రేపు ఏ అంగలకుదురు విద్యార్థియో తన మడిలో నల్లని పెంకుగల రాయిని చూచి పాఠశాలకు తెచ్చినచో, అది ఆకాశశిల కావచ్చును, కొలిమి చిట్టెము కావచ్చును. ఉపాధ్యాయుడు దానిని నమ్మనక్కఱలేదు, నవ్వనక్కఱలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూచిరని అడిగి, ఆ తావును పటముపై గుర్తించి, ఆ పొలమునకు ఒకసారి పోయి చూచినచో చాలును. బయో లేగల్ పల్లెలలో చేసిన పని అంతియే.